బస్టాండు తేలే రోజు

వైశాఖ శుద్ధ పాడ్యమి

పోటు: బాగుంది. పాటు: బాగుంది. చంద్రుడు: హాజరు. సూర్యుడు: పట్టించుకోనక్కర్లేదు.

ఇంతవరకు రాసి పుస్తకం మూసెయ్యమని మా ఊరిపెద్ద సింహాద్రి బాబాయి ఎప్పుడూ చెబుతాడు. గంటగది దినచర్యలో ఇంటి గొడవలు రాయకూడదట. నేను పాతికేళ్ళుగా ఈ గంట కొడుతున్నాను. నీళ్ళు ఎక్కడం మొదలెడితే అది పోటు, ఒక గంట. దిగడం మొదలెడితే అది పాటు, రెండు గంటలు. ఈ మధ్యలో ఖాళీగా కూర్చుని నేనేం చెయ్యాలి? బాబాయికి అంత పట్టింపుంటే తనే వచ్చి కొట్టుకోవచ్చు. రాడు. మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పులు.

ఈరోజు పోటుకి మా ఇల్లు పక్కకి ఒరిగింది. తప్పు పూర్తిగా మా ఆయనది. మా మొగలిపాలెంలో ఇళ్ళన్నీ పీపాల మీద తేలుతుంటాయి. ప్రతి ఇంటికీ నాలుగు మూలలా నాలుగు తాళ్ళు. పోటుకి వదలాలి, పాటుకి లాగాలి. పసిపిల్లలకి కూడా తెలిసిన పని. ఈయన మూడు తాళ్ళు వదిలి నాలుగోది మర్చిపోయాడు. చారు గిన్నె పొయ్యి మీంచి నేల మీదకి జారి, నేల మీద నడుచుకుంటూ వచ్చి, నా కాళ్ళ దగ్గర ఆగింది.

"మావా, నాలుగో తాడు?" అన్నాను.

"అదేనే రత్నం, ఇందాకట్నుంచీ ఆలోచిత్తన్నాను, ఏదో మర్చిపోయానని."

చారు తుడుస్తుంటే మా అమ్మాయి ఇందుమతి వచ్చి, తాను పెళ్ళి చేసుకోబోతున్నానని చెప్పింది. అబ్బాయి మెట్టవాడట. అంటే సముద్రం మింగకుండా మిగిలిన పై నేల మీదివాడు. సరే, కాలం మారింది, మెట్టవాళ్ళూ మనుషులే అనుకున్నాను. పేరేంటని అడిగాను.

"దివాకర్."

నేను తడి నేల మీదే కూర్చుండిపోయాను. మా ఊళ్ళో ఏడుగురు చంద్రరావులున్నారు. మా ఆయన వాళ్ళలో నాలుగోవాడు. సోములకి, శశులకి లెక్కే లేదు. సూర్యుడి పేరున్న మనిషి మా ఊళ్ళో పుట్టలేదు, మా ఊళ్ళో పడుకోలేదు. మా దీపాలు, మా పిండిమర, మా నిద్రా మెలకువా అన్నీ చంద్రుడు నడిపే నీళ్ళ మీద ఆధారపడినవి. సూర్యుడితో మాకు పనేముంది?

"పోనీ ఇంట్లో పిలిచే ముద్దుపేరేమైనా ఉందా?" అని ఆశగా అడిగాను.

"సూరీ అంటారు."

ఎండుచేపలు అమ్మడానికి దీన్ని మెట్టకి పంపించింది నేనే. చేపలు ఎండేది ఎండకేనమ్మా అని ఓసారి నవ్వుతూ అంది కూడా. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.


శుద్ధ తదియ

పోటు: బ్రహ్మాండం. పాటు: బ్రహ్మాండం. చంద్రుడు: హాజరు. సూర్యుడు: పట్టించుకోనక్కర్లేదు.

అబ్బాయి, అబ్బాయి తల్లి రాజవ్వ వచ్చి వెళ్ళారు. ఆమెకి నాలుగు బస్సులున్నాయి. ఎండతో నడుస్తాయి, రోడ్డు ఉంటే రోడ్డు మీద, లేకపోతే నీళ్ళ మీద. బస్సులోనే వస్తానంది. ఎండబండి మా నీళ్ళలోకి రాకూడదని ఊరి కట్టడి ఉందండీ అని కబురు పెట్టి మా పడవలో తీసుకొచ్చాం. పడవ దిగుతూనే, "ఏంది వదినె, మీ ఇల్లు ఊగుతాంది?" అంది. నేను చురుగ్గా మా ఆయన వైపు చూశాను. ఆయన నాలుగో తాడు దగ్గరికి పరిగెత్తాడు.

పిల్లవాడు మాత్రం బుద్ధిమంతుడు. ఇక్కడే ఉంటానని, తాళ్ళు లాగడం నేర్చుకుంటానని తనే అన్నాడు. నా తర్వాత గంట ఇందుమతి కొట్టాలి కాబట్టి అది ఊరు వదలడం కుదరదు. ఆ మాట ముందే మాట్లాడుకున్నారట. ఇది విన్నాక దివాకర్ అన్న పేరు అంత ఘోరంగా వినబడలేదు.

ఇక పెళ్ళి ఎక్కడ అన్నది వచ్చింది. మా ఊళ్ళో పెళ్ళంటే బస్టాండులోనే అని చెప్పాను.

"బస్టాండు ఏడుంది?" అని రాజవ్వ కిటికీలోంచి చూసింది. బయట నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఆ నీళ్ళ కిందే వదినగారూ. పున్నమికీ అమావాస్యకీ పాటు బాగా లాగేసినప్పుడు పైకి తేలుద్ది. గచ్చు, సిమెంటు బల్ల, అమలాపురం అని రాసున్న బోర్డు, అన్నీ ఉంటాయి."

తర్వాత మా కథ చెప్పాను. సముద్రం మీదికొచ్చిన రోజుల్లో ఊరంతా మూటలు కట్టుకుని ఆ బస్టాండులో కూర్చుందట. బస్సులొస్తాయి, అందరినీ తీసుకుపోతాయి అన్నారట. బస్సు రాలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అప్పుడు కొత్తగా పెళ్ళైన ఒక కుర్రాడు పెళ్ళాం చెయ్యి పట్టుకుని, "ఇంక బస్సు రాదు. పద, ఇంటికెళ్దాం" అన్నాడట. ఇద్దరూ ఇంటికెళ్ళి ఇంటి కింద పీపాలు కట్టారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ కట్టారు. అలా ఊరు తేలింది. అందుకే మా ఊళ్ళో తాళి కట్టాక పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఆ బల్ల మీద కాసేపు బస్సు కోసం చూసినట్టు కూర్చోవాలి. తర్వాత అతను ఆ మాట అనాలి. అనకపోతే అది పెళ్ళి కిందే లెక్క కాదు.

రాజవ్వకి కన్నీళ్ళు వస్తాయనుకున్నాను. కోపమొచ్చింది.

"గంతమంది కూసుంటే ఒక్క బస్సు పంపనీకె ఎవ్వనికీ చేతగాలేదా? డిపోల ఎవడున్నడు అప్పుడు?"

నిన్నమొన్న జరిగినట్టు అడుగుతోంది. ఏం చెప్పను? ఎవరున్నారో నాకేం తెలుసు?

వాళ్ళ పంతులు ముహూర్తం ముందే పెట్టేశాడు. సప్తమి, పొద్దున తొమ్మిది, వాళ్ళ మెట్టగడియారం ప్రకారం. లెక్క వేసి చూశాను. సరిగ్గా అదే వేళకి పాటు పూర్తిగా దిగుతుంది. కానీ సప్తమి! సప్తమి అష్టమిలకి మా నీళ్ళు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు. నా ఎరుకలో ఆ తిథుల్లో బస్టాండు ఎప్పుడూ తేలలేదు.

ఆ సంగతి చెప్పబోతుండగా రాజవ్వ అంది: "ఏమైంది వదినె, మీ చంద్రునికి ఆనాడు సెలవా?"

నాకు ఒళ్ళు మండింది. మా చంద్రుడికి చేతకాదని నా నోటితో నేనెలా చెప్పను? పైగా ఈసారి ఒక విశేషముంది. నెలకోసారి చంద్రుడు మనకి బాగా దగ్గరగా వస్తాడు. ఈ నెల అలా వచ్చేది సప్తమికే. సగం చంద్రుడైతేనేం, దగ్గరి చంద్రుడు. "తేలుద్ది. నాదీ పూచీ" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక ఇందుమతి అంది, "అమ్మా, సప్తమికి ఎప్పుడైనా తేలిందా?"

"చంద్రుడు దగ్గరకొత్తన్నాడే."

"దగ్గరకొచ్చి ఏం చేత్తాడు, చీపురుతో తుడుత్తాడా?"

ఈ నోరు దీనికి ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు.


శుద్ధ పంచమి

పోటు: ఫరవాలేదు. పాటు: ఫరవాలేదు. చంద్రుడు: హాజరు. సూర్యుడు: పట్టించుకోనక్కర్లేదు.

పెళ్ళివారి కోసం మినప్పప్పు నానబోశాం. పిండిమర తిరగలేదు. పోటుకీ పాటుకీ నీళ్ళు ఉరికినప్పుడు చక్రం తిరిగి మాకు కరెంటు వస్తుంది. ఇవాళ చక్రం ముసలాడు లేచినట్టు లేచి, కాస్త తిరిగి, మళ్ళీ కూర్చుంది. మా ఆయన పప్పు గిన్నె వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ అనకుండా రోలు కడగడం మొదలెట్టాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

సింహాద్రి బాబాయి కింద పడవలో నిలబడి అరిచాడు. "రత్నం! నీళ్ళు నీరసంగా ఉన్నాయి. సప్తమికి బస్టాండు తేలుద్దంటావా?"

"నిక్షేపంలా తేలుద్ది బాబాయ్. చంద్రుడు ఇంకా దగ్గరకి రాలేదు గందా, వత్తన్నాడు."

అరిచి చెబితే ధైర్యంగానే ఉంది. పైకొచ్చి కూర్చున్నాక లేదు.


శుద్ధ సప్తమి

పోటు: చెప్పుకోదగ్గది కాదు. పాటు: రాయడానికి మనసొప్పడం లేదు. చంద్రుడు: హాజరు. సూర్యుడు:

తర్వాత రాస్తాను. ముందు జరిగింది రాస్తాను.

మా ఊరు నిద్రలేచేది చంద్రుడు లేచాకే. సప్తమికి చంద్రుడు లేచేది మిట్టమధ్యాహ్నం. అంటే మెట్టవాళ్ళ పొద్దున తొమ్మిది మాకు గాఢ నిద్ర వేళ. ఊరు ఊరంతా కళ్ళు నలుపుకుంటూ పట్టుబట్టల్లో పడవలెక్కింది. ఏడుగురు చంద్రరావుల్లో ఇద్దరు కూర్చున్నచోటే గుర్రు పెట్టారు. సన్నాయి ఊదేవాడు ఆవలించినప్పుడల్లా రాగం తెగిపోతోంది. అటునుంచి మా పడవల్లోనే వచ్చిన మెట్టవాళ్ళు స్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని, ఎండకి కళకళలాడుతూ దిగారు. మమ్మల్ని చూసి ఊళ్ళో ఎవరైనా పోయారా అని అడిగారట.

అందరం బస్టాండు చోట పడవలు ఆపి నీళ్ళకేసి చూశాం. నీళ్ళు దిగాయి. బోర్డు బయటపడింది. అమలాపురం అన్న పేరు బయటపడింది. సిమెంటు బల్ల అంచు కాస్త కనిపించింది, దాని మీద ఒక కొంగ వచ్చి వాలింది. అక్కడితో నీళ్ళు ఆగిపోయాయి.

"ఇంకా దిగుతాయి" అన్నాను. పంతులుగారు పీట మీద కాళ్ళు పైకి ముడుచుకుని మంత్రాలు ఎక్కడ మొదలెట్టాలో తెలియక గొంతు సవరించుకుంటున్నాడు. రాజవ్వ ఓపిక పట్టలేక కొబ్బరికాయల పళ్ళెంతో నీళ్ళలోకి దిగింది. నడుము దాకా మునిగింది. పళ్ళెం మాత్రం పైకెత్తి పట్టుకుంది.

"వదినె, ఇది బస్టాండా, బాయా?" అంది.

కాసేపటికి నీళ్ళు ఎక్కడం మొదలైంది. కొంగ కూడా లేచిపోయింది. ముహూర్తం దాటిపోయింది. గచ్చు మీద కాలు పెట్టకుండా పెళ్ళి కుదరదు అన్నాడు సింహాద్రి బాబాయి. తడిసిన చీరతో ఉన్న రాజవ్వ అంది, మా దగ్గర నేల ఎప్పుడూ తేలే ఉంటది, ఆడనే చేస్తం అని.

నాకు తల కొట్టేసినట్టయింది. పడవ అడుగున చేరిన నీళ్ళని మా ఆయన బకెట్టుతో తోడి పోస్తున్నాడు. అప్పుడు దివాకర్ నా పక్కకొచ్చి కూర్చుని మెల్లగా అన్నాడు:

"అత్తమ్మా, మీ చంద్రుడు తన పని తాను జేసిండు. మామ తోడినట్టే బకెట్టుతోని తోడిండు. గని ఇయ్యాల మా సూర్యుడు గదే జాగల చెంబుతోని నీళ్ళు పోస్తున్నడు."

"ఎందుకు పోత్తున్నాడు? ఆయనకి మేమేం అన్యాయం చేశాం?"

"పగతోని కాదత్తమ్మా. ఇయ్యాల ఆయన నిలబడ్డ దిక్కు గట్లున్నది."

ఇందుమతి పెళ్ళిబట్టల్లోనే గంటగదికి వచ్చింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి ఊరడించేదాన్ని. "ఇంకో ముహూర్తం ఉందంట. ఆ రోజూ బస్టాండు తేలకపోతే మేం మెట్టకెళ్ళి పెళ్ళి చేసుకుంటాం. అక్కడే ఉండిపోతాం. ఊరు ఒప్పుకోని పెళ్ళి చేసుకుని ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేనమ్మా. గంట నువ్వే కొట్టుకో" అని చెప్పి దిగి వెళ్ళిపోయింది.

నాకు చాలా భయమేసింది. మెట్లు ఎక్కలేని రోజు నాకూ వస్తుంది. కానీ భయం దానికి కాదు.

సూర్యుడు: ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నాను.


శుద్ధ నవమి

పోటు: లేస్తోంది. పాటు: చూడాలి. చంద్రుడు: హాజరు. సూర్యుడు: విచారణలో ఉంది.

దివాకర్ తాళ్ళు నేర్చుకోవడానికి వచ్చాడు. నాలుగు మూలలూ తిరిగి నాలుగు తాళ్ళూ వదిలాడు. మా ఆయన అతన్ని చూసి మురిసిపోయాడు, వెంటనే నన్ను చూసి ఆపేశాడు.

తర్వాత అతను నా ఎదురుగా కూర్చుని లెక్క విప్పాడు. నేను వినను అన్నాను. కానీ చెవులు మూసుకోలేదు.

"అత్తమ్మా, ముగ్గురు ఒకని ఎనుక ఒకడు ఉరుకుతున్నరనుకో. ముందటోడు జోరుగ, నడిమిటోడు జర మెల్లగ, ఎనుకటోడు ఇంక మెల్లగ. నడిమిటోడు చూస్తే ముందటోడు దూరమైతడు, ఎనుకటోడు గూడ దూరమైతడు. ముందటోడు చంద్రుని దిక్కున్న నీళ్ళు. నడిమిటోడు భూమి. ఎనుకటోడు అవతలి దిక్కున్న నీళ్ళు. గందుకే చంద్రుని కింద ఒక పోటు, అవతల ఒక పోటు. దినానికి రెండు మాట్లు."

రెండుసార్లు ఎందుకొస్తుందో పాతికేళ్ళుగా నేనెప్పుడూ ఆలోచించలేదు. వచ్చింది, గంట కొట్టాను. అంతే.

"సూర్యుడు గూడ గదే పని చేస్తడు. శానా పెద్దోడు, గని శానా దూరం. గందుకే చంద్రునిల సగం బలం గూడ లేదు."

"సగం కూడా లేదా!" అన్నాను. ఆ పూట నాకు దొరికిన ఒకే ఒక్క సంతోషం అది.

"పున్నమికి, అమాసకి ఇద్దరూ ఒక్క గీత మీద ఉంటరు. ఇద్దరూ కలిసి తోడుతరు. అష్టమికి ఒకరు నిలువుగ, ఒకరు అడ్డంగ ఉంటరు. ఒకరు తోడితే ఒకరు పోస్తరు."

"అదేం కాదు నాయనా. అష్టమికి చంద్రుడు సగమే ఉంటాడు, అందుకని సగం బలం."

"మరి అమాసకి అసలే కనబడడు గద? పోటు మరి గంత పెద్దగ ఎట్లస్తది?"

"కనబడకుండా పని చేత్తాడు. గొప్పోళ్ళు అంతే."

దివాకర్ నవ్వలేదు. అందుకే మరీ ఇబ్బందిగా అనిపించింది. ఎందుకంటే ఆ మాట మా తాత చెప్పాడు, నేను ఇందుమతికి చెప్పాను, ముగ్గురిలో ఎవరమూ ఒక్కసారి కూడా అనుమానించలేదు.

కొత్త ముహూర్తం బహుళ విదియ, గోధూళి వేళ. అది దాటితే మూఢం, పెళ్ళిళ్ళు లేవు. నా దిగులంతా ఒకటే. దగ్గరికొచ్చిన చంద్రుడే చెయ్యలేని పని. విదియకి ఆయన దూరం వెళ్ళిపోతూ ఉంటాడు. అంత దూరం నుంచి ఏం చేస్తాడు? ఇక మా అమ్మాయి భారమంతా సూర్యుడి మీద పడిందన్నమాట. నా బతుక్కి ఇది కూడా చూడాల్సి వచ్చింది.


పున్నమి

పోటు: పెద్దదే. పాటు: పెద్దదే, కానీ. చంద్రుడు: హాజరు. సూర్యుడు: ఉన్నాడు.

ఇవాళ పాటుకి గచ్చు తేలలేదు. చీలమండ లోతు నీళ్ళు నిలిచే ఉన్నాయి. పిల్లలు దాని మీద తపతపా గెంతారు. సింహాద్రి బాబాయి పడవలోంచి చూసి, "పున్నమికే ఇంతైతే, విదియకి తగ్గిపోద్ది. మెట్టోళ్ళకి కబురెట్టెయ్, రత్నం, వద్దని" అన్నాడు.

"నీళ్ళకి కబురు ఆలస్యంగా అందుద్ది బాబాయ్. పైవాళ్ళు ఇవాళ లాగితే, మన నీళ్ళు కదిలి మన దాకా వచ్చేసరికి ఒకట్రెండు రోజులు పడుద్ది. ప్రతి పున్నమికీ చూత్తున్నదేగా, పెద్ద పాటు మర్నాడో ఎల్లుండో."

ఈ మాట మాత్రం నా సొంత ఎరుక. దివాకర్ చెప్పింది కాదు. ఇది రాసుకోవాలనిపించి రాస్తున్నాను.

సాయంత్రం గంటగది మెట్ల మీద కూర్చున్నాను. పడమట మెట్ట వెనక సూర్యుడు దిగుతున్నాడు, తూర్పున సముద్రంలోంచి చంద్రుడు లేస్తున్నాడు. మధ్యలో నేను. తల అటు తిప్పాను, ఇటు తిప్పాను. ముగ్గురం నిజంగానే ఒక్క గీత మీద ఉన్నాం. ఇన్నేళ్ళుగా ఇదే మెట్టు మీద కూర్చుని ఒక్క పక్కకే చూశానన్నమాట.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. గబగబా పడమటి వైపు తిరిగి ఒక దణ్ణం పెట్టాను. "మాకూ మీకూ పరిచయం లేదు. పిల్ల విషయం. కాస్త చూడండి" అన్నాను.

మెట్ల కింద దగ్గు వినిపించింది. మా ఆయన.

"ఎవరితోనే మాటాడతన్నావు?"

"నీకెందుకు? నాలుగో తాడు చూసుకో."


బహుళ విదియ

మెట్టవాళ్ళకి సాయంత్రం, మాకు తెల్లవారుజాము. ఈసారి ఎవరూ నిద్రపోలేదు. అందరం పడవల్లో నిలబడి నీళ్ళకేసి చూశాం. బోర్డు తేలింది. బల్ల అంచు తేలింది. బల్ల తేలింది. బల్ల కాళ్ళు తేలాయి. నీళ్ళు గచ్చు మీద సన్నటి పొరలా నిలిచి, ఆ పొర అంచుల వైపు జారిపోయి, నల్లటి నాచుతో, పీతలతో, గచ్చు మొత్తం బయటపడింది. ఇంకా దిగాయి. ఎప్పుడో గానీ తేలని మూడు మెట్లు కూడా కనిపించాయి. దూరం పోతున్న చంద్రుడు, సాయం పట్టిన సూర్యుడు.

ఆడవాళ్ళం చీపుళ్ళతో పీతల్ని తరిమాం. ఎండ ఏటవాలుగా పడుతోంది. దివాకర్ తాళి కట్టాడు. అక్షింతలు నీళ్ళలో పడితే చేపలు ఎగబడ్డాయి. తిరిగి చూస్తే రాజవ్వ కనబడటం లేదు. తాళి కట్టేదాకా పక్కనే ఉంది, తర్వాత ఊరి పడవ ఒకటి ఎక్కి ఎటో వెళ్ళింది. కోపమేమో అనుకున్నాను.

పిల్లలిద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఊరంతా చుట్టూ నిలబడింది. దివాకర్ ఇందుమతి చెయ్యి పట్టుకున్నాడు. మా మాట మా యాసలో చెప్పాలని వారం నుంచి సాధన చేశాడట.

"ఇంక బస్సు రా..."

హారన్ మోగింది.

అందరం వెనక్కి తిరిగాం. నీళ్ళ మీద తెల్లటి బస్సు వస్తోంది. పైన అద్దాల రేకులు ఎండకి మెరుస్తున్నాయి. గచ్చు దగ్గరకొచ్చి, ఆ కొత్తగా తేలిన మెట్ల పక్క వాలు మీంచి చక్రాలతో పైకెక్కి, సరిగ్గా అమలాపురం బోర్డు కింద ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు సీట్లో రాజవ్వ.

ఎండబండి మా నీళ్ళలోకి రాకూడదన్న కట్టడి సింహాద్రి బాబాయి తాతలది. నేను బాబాయి వైపు చూడలేకపోయాను. రాజవ్వే ముందు అందుకుంది: "నీళ్ళల్లకు రావద్దన్నరు గద? ఇది నేలనే."

"ఇక్కడి దాకా ఎలా వచ్చారండీ మరి?" అన్నాను.

"కండ్లు మూసుకొని వచ్చిన." తర్వాత గొంతు మారింది. "వదినె, గన్ని ఏండ్లు బస్సు కోసం చూసిన్రు గదా. నాకు నిద్ర పట్టలే."

బల్ల మీద దివాకర్ నోరు తెరిచి అలాగే ఉన్నాడు. అప్పుడు సింహాద్రి బాబాయి, మోకాళ్ళు నొప్పులని గంటగది మెట్టు ఒక్కటీ ఎక్కని మనిషి, గచ్చు మీద మెల్లగా నడిచి బస్సు తలుపు దగ్గర నిలబడ్డాడు. పంచె సర్దుకున్నాడు. ఏదో కొత్త ఊళ్ళో కండక్టరుని అడిగినట్టు అడిగాడు:

"అమ్మా, అమలాపురం ఎళ్తదా?"

"అమలాపురం నీళ్ళల్ల ఉన్నది తాతా."

"మనమూ అక్కడే ఉన్నాంగా. పోనీ" అని బస్సెక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. ముసలాళ్ళు ముందు ఎక్కారు. ఏడుగురు చంద్రరావులూ ఎక్కారు. కొందరు ఉత్తినే మూటలు పట్టుకున్నారు, మూటల్లో పెళ్ళి లడ్డూలు. నేను ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను, అప్పటికే ఒక కాలు లోపల ఉంది. సీటు ఎండకి వెచ్చగా ఉంది. బాబాయి కిటికీలోంచి బయటకి చూస్తూ, ఎవరికీ కనబడకుండా కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. నేను దాచుకోలేదు.

దివాకర్ కింద బల్ల మీంచి గట్టిగా అడిగాడు: "అత్తమ్మా, మరి నేను ఇప్పుడు ఏమనాలె?"

ఇందుమతే లేచి అతని చెయ్యి లాగింది. "బస్సొచ్చింది. వాళ్ళని ఎళ్ళి రానీ. పద, ఇంటికెళ్దాం" అంది. ఇద్దరూ మెట్లు దిగి మా పడవ ఎక్కారు.

ఇది పెళ్ళి కింద లెక్కేనా అని బాబాయిని అడిగాను. "నోరుమూసుకుని కూర్చో రత్నం, బస్సు కదుల్తంది" అన్నాడు.

బస్సు నీళ్ళలోకి దిగి ఒక చుట్టు తిరిగింది. అమలాపురం ఎక్కడుండేదో బాబాయికి తెలుసట, వేలు పెట్టి చూపిస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. పాటు అయిపోయింది. గచ్చు అంచులు తడుస్తున్నాయి. పాతికేళ్ళలో మొదటిసారి నేను గంట మర్చిపోయాను. లేచి, "ఆపండి వదినగారూ, గంట!" అని అరిచాను.

అరుస్తుండగానే గంట మోగింది. ఒక్కసారి, సరైన వేళకి. గంటగది కిటికీలో పెళ్ళిచీర కనిపించింది. పక్కన దివాకర్ తలపాగా. మా ఇల్లు కూడా కనిపించింది. నాలుగు మూలలా నిటారుగా ఉంది.

పోటు: మొదలైంది. పాటు: ఇలాంటిది చూడలేదు.

చంద్రుడు: హాజరు. సూర్యుడు: హాజరు.

బస్సు: ఆలస్యంగా వచ్చింది.